బ్రీడా వెళ్ళి చూసిన ఊరు

వాన వెలిసిన సాయంత్రాల్లో డబ్లిన్ దగ్గర నేస్‌లోని మా వీధిలో ఎవరో ఒకరు పొయ్యిలో టర్ఫ్ కాలుస్తారు. చిత్తడి నేలల్లోంచి కోసి ఎండబెట్టిన ఆ మట్టిగడ్డల పొగ వాసన కిటికీలోంచి రాగానే నా చేతిలో గరిటె ఆగిపోతుంది. బ్రీడా కోటుకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. అత్లోన్ ప్రాంతంలో ఒక కౌన్సిల్ కార్యాలయంలో నేను కొత్తగా చేరినప్పుడు ఆమె నా పై అధికారి. పొడవాటి మనిషి, చిన్న గొంతు. మేడమ్ అంటే కోప్పడేది, పేరు పెట్టే పిలవమనేది. ఇక్కడివాళ్ళ యాస అర్థంకాక నేను ఫోన్ ఎత్తడానికి జంకుతుంటే, "ఆ కొండవైపు వాళ్ళు మాట్లాడేది నాకూ సగమే అర్థమవుతుంది సుధా, ఎత్తు" అంది. అలా ఈ దేశంలో నా నోరు విప్పించింది ఆమే.

కంప్యూటర్ కంపెనీలు రోజురోజుకీ విస్తరిస్తున్న కాలం అది. మావారు తెల్లవారుతూనే డబ్లిన్ రైలెక్కేవారు. టౌన్‌లోని టాక్సీలన్నీ కంపెనీల ఉద్యోగులను తిప్పే ఒప్పందాల్లో ఉండేవి, పల్లెలకు వచ్చే బండి లేదు. అలాంటి చోట ఊరివాడే ఒకడు తన కారును కిరాయికి తిప్పుకోవడానికి ఒక చిన్న లైసెన్సు ఉంది. దాన్ని ఇచ్చేది డబ్లిన్‌లోని కార్యాలయమే అయినా, ఆ ఊరికి నిజంగా బండి అవసరమని చెప్పవలసింది మా కౌన్సిల్. ఆ విచారణ బ్రీడా పని.

ఒకసారి కరీంనగర్ నుంచి వచ్చిన నర్సింహ అనే ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. భార్యకు మందుల కంపెనీలో ఉద్యోగం. టౌన్‌లో అద్దె భరించలేక దూరంగా ఒక పల్లెలో ఉంటున్నారు. బ్రీడా నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి బయలుదేరింది. తన కారు మాత్రం తీయలేదు. "కారు లేనివాళ్ళ సంగతి కారులో వెళ్ళి ఏం తెలుసుకుంటాం?" అంటూ బస్సెక్కించింది. ఆ బస్సు మమ్మల్ని దింపేసి వెళ్ళిపోయింది. ఆ వారానికి మళ్ళీ బస్సు లేదు.

నర్సింహ పక్కింట్లో నోరా అనే ముసలావిడ ఉండేది. ఆమె భర్త టామ్ మతిమరుపు ముదిరి టౌన్‌లోని వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. కొన్నాళ్ళు నర్సింహే ఆమెను రోజూ డబ్బు తీసుకోకుండా అక్కడికి తీసుకెళ్ళేవాడు. టౌన్‌లోని టాక్సీ కంపెనీవాళ్ళు ఫిర్యాదు చేయడంతో అది ఆగిపోయింది.

"గార్డులు ఇంటికొచ్చిన్రు మేడమ్," అన్నాడు నాతో తెలుగులో. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు. "నేను పైస తీస్కోలే. అయినా మా ఆమె భయపడ్డది. మా వీసా ఆమె నౌకరీ మీదనే ఉన్నది. లైసెన్సు వచ్చేదాక బండి తియ్యొద్దని ఒట్టు పెట్టింది. ఈ అవ్వ మొకం చూడాలంటే సిగ్గయితున్నది."

నోరా టీ పోస్తూ, మామూలు మాట చెప్పినట్టే చెప్పింది: "రెండు రోజులు కనబడకపోతే నన్ను నర్సు అనుకుంటాడు. ఇప్పుడు ఎవరైనా ఎక్కించుకుంటే వారానికోసారి వెళ్తున్నాను. థాంక్యూ నర్స్ అంటున్నాడు."

బ్రీడా ఆ వంటింట్లోంచే టాక్సీ కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, సాయంత్రం దాకా బండ్లన్నీ కంపెనీ ట్రిప్పుల్లో ఉన్నాయంది. తిరిగి రావడానికి మేమిద్దరం వానలో పెద్దరోడ్డు దాకా నడిచాం. చివరికి ఒక పాల లారీ అతను ఎక్కించుకున్నాడు.

ఆ ఊరికి బండి తప్పకుండా కావాలని, బ్రీడా తాను చూసిందంతా పూసగుచ్చినట్టు రాసి పైకి పంపింది. పై అధికారి ఆమెను గదిలోకి పిలిచాడు. నేనూ పక్కనే ఉన్నాను. "నువ్వు రాసింది నిజమే బ్రీడా. కానీ ఆ ఊరికి అందే దూరంలో లైసెన్సున్న టాక్సీ కంపెనీ ఒకటి ఉంది. నిబంధన ప్రకారం అవసరం లేనట్టే," అన్నాడు. "ఉంది, కానీ రాదు," అంది బ్రీడా. ఆయన కూడా తల ఊపాడు. తల ఊపుతూనే కుదరదన్నాడు. ఇక ఎవరితో పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

ఆ చలికాలంలోనే టామ్ పోయాడు. పొద్దున్నే ఆశ్రమం నుంచి ఫోన్ వస్తే నోరా టాక్సీ కోసం ఎదురుచూసింది. నర్సింహ ఒట్టు పక్కనపెట్టి కారు తీశాడు గానీ, వాళ్ళు చేరేసరికే అంతా అయిపోయింది. అంత్యక్రియల్లో బ్రీడా చర్చి వెనక వరసలో కూర్చుంది. నోరా ఆమె చెయ్యి పట్టుకుని "వచ్చావా, మంచిదానివి" అంది. నింద లేని ఆ మాటే బ్రీడాను కుంగదీసింది. ఇంకా సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేసింది. నర్సింహ కుటుంబం డబ్లిన్ వెళ్ళిపోయింది. నోరా కూడా భర్త చివరిదాకా ఉన్న ఆశ్రమంలోనే చేరింది.

మావారికి ఇక్కడికి దగ్గర్లోని లీక్స్‌లిప్‌లో ఉద్యోగం రావడంతో మేము నేస్‌కు మారాం. ఇప్పుడు నేను వేరే కౌన్సిల్‌లో అదే విచారణ పని చేస్తున్నాను. కిందటి నెల బ్రీడాకు ఫోన్ చేశాను. ఆ చిన్న గొంతు ఇంకా చిన్నదైంది.

"ఇంకా ఊళ్ళకు వెళ్ళి చూస్తున్నావా?"

"చూస్తున్నాను."

"ఎక్కడైనా ఒక్క నిర్ణయమైనా మారిందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆమెతో చెప్పలేకపోయాను. "లేదు," అన్నాను.

ఆమె వెళ్ళమనీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు. మర్నాడు ఇంకో పల్లెలో ఎవరో పెద్దాయన నా కోసం ఎదురుచూస్తుంటాడు. నా నివేదిక వల్ల ఆయనకు ఏమీ ఒరగదని నాకు ముందే తెలుసు. అయినా పొద్దున్నే లేచి వెళ్ళాను.