కాక రాసిన మూడు షిఫ్టుల రిపోర్టు

మా పక్కింటి కాక మొన్న బుధవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకాయన కుర్చీలో కూర్చొని, "ఎనిమిదేండ్లు గోళీలు మింగిండు, ఏం ఫాయిదా?" అన్నాడు. చావింట్లో నోరు పెంచకూడదని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఆ ఎనిమిదేళ్ళూ కాక ఎట్లా బతికాడో పిట్టగోడ ఇవతలినుంచి చూసినదాన్ని నేను.

కాక గోదావరిఖనిలో బొగ్గుబాయి సర్దారుగా చేశాడు. గని పైకప్పును కట్టెతో కొట్టి, చప్పుడు విని, దానికింద మనుషులు పనిచేయొచ్చో లేదో తేల్చడం ఆయన పని. షిఫ్టు దిగేటప్పుడు ఆ సంగతంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన డ్యూటీ మిద్దె మీది చిక్కుడు తీగ. ఓపెన్‌కాస్టు గని దుమ్ము మా ఇళ్ళ మీద వాలుతూనే ఉంటుంది. రోజూ సాయంత్రం పద్దెనిమిది మెట్లెక్కి చెంబునీళ్ళతో ఆకులు కడిగేవాడు. "దుమ్ము పని దుమ్ము చేస్తది, నా పని నేను చేస్త" అనేవాడు.

గుండెకు స్టెంటు వేశాక కొవ్వు తగ్గించే గోళీ రాశారు. కొన్ని వారాలకే తొడలు, పిక్కలు పట్టేయడం మొదలైంది. కూర్చుంటే గోడ పట్టుకుని లేచేవాడు. మిద్దె ఎక్కడం బందయింది. ఏంది కాకా అంటే, "ఏం లేదు బిడ్డా, బాయి నొప్పులు" అని కొట్టిపారేసేవాడు. గనిలో చేసినవాళ్ళకు ఇదొక పాడు అలవాటు. నొప్పి అంటే ఎక్కడ అన్‌ఫిట్ చేస్తారోనని ముప్పై ఏళ్ళు దాచుకుంటారు. రిటైరయ్యాక అడిగేవాడు లేకపోయినా దాస్తూనే ఉంటారు. కాక అంతటితో ఆగక, ఎవరికీ చెప్పకుండా గోళీ మానేశాడు.

పాత టిఫిన్ డబ్బాలో నెల రోజుల గోళీలు కాక భార్య చిన్నమ్మకు దొరికాయి. ఆమె ఏడవలేదు, డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించింది.

"పైకప్పు పగిలిందని తెలిసి దాచినోన్ని బాయిల నువ్వు ఊకె ఇడిచిపెడ్తుంటివా? మరి నీ పెయ్యి నొప్పుల సంగతి ఎందుకు దాచినవ్?"

కాక తల వంచుకున్నాడు. ఆయన తల వంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజే ముగ్గురం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ గోళీ మానినందుకు మందలించింది. కాక తగ్గలేదు. "మెట్లెక్కుడే బందయినంక ఈ గుండె నాకెందుకు మేడం?" అన్నాడు. ఆమె నవ్వి, రక్తపరీక్ష రాసింది, మందు మార్చింది. నొప్పి ఎప్పుడు, ఎక్కడ, ఎంత వస్తున్నదో రాసుకుని రమ్మంది.

"రాసుడు నాకు కొత్తనా?" అన్నాడు కాక.

నేను పాఠాలు చెప్పే బడి నుంచి తెచ్చిన నోటుబుక్కులో స్కేలుతో గీతలు కొట్టాడు. "ఫస్ట్ షిఫ్టు: ఎడమ తొడ గుంజుతున్నది. గోడ పట్టుకొని లేచిన. సెకండ్ షిఫ్టు: తొమ్మిది మెట్లు ఎక్కిన. నైట్ షిఫ్టు: పిక్కలు పట్టినయ్. గోళీ ఏసుకున్న." కింద సంతకం. డాక్టరమ్మ అదంతా చదివి మోతాదు ఇంకోసారి సరిచేసింది. నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కాక కూడా దాన్ని వదల్లేదు, రోజూ పేరు పెట్టి రాశాడు. చలికాలం వచ్చేసరికి పద్దెనిమిది మెట్లూ ఎక్కాడు.

ఆ తర్వాత మా గల్లీలో కాళ్ళు గుంజుతున్నాయని ఎవరన్నా గొణిగితే చాలు, వాళ్ళింటికి పోయేవాడు. "గోళీ నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు. జల్ది దవాఖానకు పోయి చెప్పు. చెప్పుకుంటె ఇజ్జత్ పోదు." నడుంనొప్పి దాచుకుని బడికి పోతున్న నన్నూ అట్లాగే పట్టుకున్నాడు. ఈ రోజు నిటారుగా నిలబడి పాఠం చెబుతున్నానంటే ఆయన పోరు వల్లే.

నిన్న చిన్నమ్మ ఆ నోటుబుక్కుల్లో చివరిది నా చేతిలో పెట్టింది. మంగళవారం గడిలో ఇట్లా ఉంది: "సెకండ్ షిఫ్టు: పద్దెనిమిది మెట్లు. నొప్పి ఉన్నది. ఆకులు కడిగిన." తెల్లారి లేచి రాయాల్సిన నైట్ షిఫ్టు గడి ఖాళీగా ఉంది. ఏం ఫాయిదా అన్న పెద్దమనిషికి ఆ పేజీ చూపించాలని ఉంది.

మిద్దె మీదికి పోయి చూస్తే ఆకులన్నీ దుమ్ముతో అప్పుడే నల్లబడ్డాయి. మెట్ల మీద అలికిడైతే తిరిగి చూశాను. చిన్నమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక చేత్తో నీళ్ళ చెంబు పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ పైకి వస్తోంది.