బెల్లం పూతరేకు

రావులపాలెం బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కాలికి కట్టు ఉంది. పూతరేకులు అమ్మే ఆమెను "బెల్లంవేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి కొన్నారు.

"నాకు షుగరండి. పంచదార ముట్టుకోను. బెల్లమైతే ఏం చెయ్యదండి," అన్నారు నాతో.

"మా ఆయనా అదే అనేవారండి."

అదే షుగరు మా ఆయన్ని తీసుకుపోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

"చూశారా మరి!" అని పెద్దాయన సంబరపడి, ఒక పూతరేకు విరిచి సగం నా చేతిలో పెట్టారు.

చెబుదామని ఆయన వైపు తిరిగాను. ఇంతలో ఆయన బస్సు వచ్చింది. కుంటుకుంటూ ఎక్కి, కిటికీలోంచి "తినండమ్మా" అన్నారు.

తిన్నాను. పంచదార పూతరేకు ఎంత తియ్యగా ఉంటుందో, అదీ అంతే తియ్యగా ఉంది.