ఎనిమిదో వంతు గొంతు

మొన్న ఆదివారం మధ్యాహ్నం, నాచారంలో మాకు కంప్యూటర్ నేర్పిన మేడం పోయారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మేడిపల్లి బస్సు కోసం నిలబడి ఉండగా వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మమ్మీ లేదు" అని మాత్రం అంది. ఎదురుచూస్తున్న బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను రోడ్డు దాటి నాచారం ఆటో ఎక్కాను.

మేడం క్లాసు ఒక పిండి గిర్ని పైగదిలో నడిచేది. కీబోర్డుల మీద ఎప్పుడూ సన్నగా పిండి పేరుకుని ఉండేది. మాలో చాలామందిమి జనగామ, భువనగిరి దిక్కు నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో కుదురుకున్న కుటుంబాల పిల్లలం. నేను పగలు బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి, సాయంత్రం అక్కడికి వెళ్లేదాన్ని. కింద గిర్ని ఎంత మోత పెట్టినా మేడం గొంతు వెనక బెంచీ దాకా వినిపించేది. అరిచేవారు కాదు. చర్చిలో పాటలు పాడి పాడి నిండుగా, కాస్త బరువుగా తయారైన గొంతు అది. అలసిపోయి వచ్చినవాళ్లకు ఆ గొంతు వింటేనే నిద్రమత్తు వదిలేది.

ఒకసారి నా పక్కన కూర్చునే అమ్మాయి ఏఎస్ రావు నగర్‌లో పెన్‌డ్రైవ్ కొని, మండిపడుతూ వచ్చింది.

"మోసం జేసిండు మేడం! పదహారు జీబీ అని రాసుంది. పెట్టి సూస్తే పద్నాలుగు పాయింట్ తొమ్మిదే సూపిస్తుంది."

"కొట్లాడినవా?" అన్నారు మేడం.

"మస్తు కొట్లాడిన."

మేడం నవ్వు ఆపుకోలేకపోయారు. "పాపం, గాయన తప్పేం లేదమ్మా. పెన్‌డ్రైవ్ చేసేటోళ్లు వెయ్యి లెక్కన కొలుస్తరు. కంప్యూటర్ వెయ్యిన్ని ఇరవై నాలుగు లెక్కన కొలుస్తది. జాగ అంతే ఉంది, కొలత వేరు. రేపు పోయి ఆయనతోని జర మంచిగ మాట్లాడి రా."

ఆ అమ్మాయి నిజంగానే వెళ్లి వచ్చింది.

మేడం మాకు పదే పదే చెప్పిన మాట ఒకటుంది. "ఇంటర్నెట్టోళ్లు చెప్పే స్పీడు చిన్న బీ, అంటే బిట్టు. మనం దాసుకునేది పెద్ద బీ, బైటు. ఎనిమిది బిట్లు కలిస్తె ఒక బైటు, మర్వకున్రి."

కొన్నాళ్లకు ఆ గొంతు బొంగురుపోయింది. పిండి దుమ్ము వల్లే అనుకున్నాం. ఎంతకీ తగ్గకపోతే దవాఖానాలో చూపించుకున్నారు. గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలని డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి మేడమే క్లాసులో మాకు చెప్పారు.

"ఆపరేషన్ అయినంక మాట రాదంట. మీరు ఫికర్ చెయ్యకున్రి. అంతలోపట పాఠాలన్ని ఫోన్‌ల రికార్డు జేసి పెడత."

మేమంతా ఏడుస్తుంటే ఆమె బోర్డు వైపు తిరిగి లెక్క మొదలుపెట్టారు.

"మంచి క్వాలిటీ పెడితే సెకనుకు నూట ఇరవై ఎనిమిది కిలోబిట్లు. చిన్న బీ. ఎనిమిదితోని భాగిస్తే?"

"పదహారు కిలోబైట్లు" అన్నాం ముక్కులు తుడుచుకుంటూ.

"నిమిషానికి?"

"తొమ్మిది వందల అరవై."

"అంటే దగ్గర దగ్గర ఒక ఎంబీ. గంట పాఠానికి అరవై ఎంబీ అనుకోన్రి. మీ ఫోన్లల్ల పాఠాలన్ని పడతయా?"

పట్టవు. మావన్నీ చిన్న ఫోన్లు, వాటిలో చిన్న కార్డులు. మేడం రెండో లెక్క వేశారు. తక్కువ క్వాలిటీ పెడితే సెకనుకు పదహారు కిలోబిట్లే. ఎనిమిదో వంతు చోటు సరిపోతుంది. అందరి ఫోన్లలో అన్ని పాఠాలూ పడతాయి.

"గొంతు మంచిగ రాదేమో మేడం" అన్నాను.

"గొంతుతోని మీకేం పని? పాఠం సమజైతే సాలు."

అలాగే రికార్డు చేశారు. మధ్యమధ్య నీళ్లు తాగుతూ, నొప్పికి ఆగుతూ, అన్నీ పూర్తిచేశారు. బ్లూటూత్‌లో అందరం పంచుకున్నాం.

ఆపరేషన్ తర్వాత కూడా మేడం క్లాసు మానలేదు. మెడకు స్కార్ఫ్ చుట్టుకుని వచ్చేవారు. ఫోన్‌ను స్పీకరుకు తగిలించి, తన పాఠం తానే వింటూ బోర్డు మీద రాసేవారు. స్పీకరులో ఆ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచగా ఉండేది. మాటలు తెలిసేవి, మనిషి తెలిసేది కాదు. ఒక సాయంత్రం ఆమె స్పీకరు ఆపి, బోర్డు మీద రాశారు: "నేను ఇట్లనే మాట్లాడేదాన్నా?"

"లేదు మేడం, మస్తు మంచిగ మాట్లాడేటోళ్లు" అన్నాం. ఆమె బోర్డు తుడిచి, మళ్లీ స్పీకరు పెట్టారు.

ఆ పాఠాలతోనే నాకు ఉప్పల్‌లో ఒక ఆస్పత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా ఫోన్‌లో చోటుకు కొదవ లేదు. మేడం పాఠాలన్నీ అందులో ఒక మూలకు కూడా రావు. ఆ రోజు ఆమె వేసిన లెక్కలో తప్పు లేదు. కానీ ఒక్క పాఠమైనా, ఒక్క పాటైనా నిండు గొంతుతో ఉంటే ఎంత బాగుండేదని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. చర్చిలో పాడినవి ఎవరూ రికార్డు చేయలేదు. మేడం పెళ్లి వీడియోలో ఆమె నోరు కదులుతుంటుంది, పైన సినిమా పాటలు వినిపిస్తుంటాయి.

సమాధి దగ్గర నుంచి మేడం ఇంటికి వచ్చాక వాళ్లమ్మాయి నన్ను మేడ మీదికి తీసుకెళ్లింది. ఇంటర్ చదువుతోంది. ఆపరేషన్ నాటికి ఇంకా నడక కూడా రాని పిల్ల. ఫోన్‌లో మేడం రికార్డు చేసిన కిలోబైట్ల పాఠం పెట్టింది.

"మమ్మీ గొంతు నాకు యాద్ లేదక్కా. ఇట్లనే ఉంటుండెనా?"

"ఇట్ల కాదురా."

"మరి ఎట్ల?"

అప్పట్లో వెంట క్లాసుకు తెచ్చుకున్న ఈ పిల్ల ఏడిస్తే, మేడం ఎత్తుకుని అనే మాట ఒకటి గుర్తొచ్చింది. ఆమెలాగే అనడానికి ప్రయత్నించాను.

"ఎవరమ్మా, నా బిడ్డనెవరు ఏడిపిచ్చిన్రు?"

నా గొంతు కీచుగా వచ్చింది. సిగ్గేసింది. ఆ పిల్ల మాత్రం ఫోన్ ఆపేసింది.

"మల్లొక్కసారి అను అక్కా."

గొంతు కొంచెం తగ్గించి, నెమ్మదిగా అన్నాను. ఆమె కళ్లు మూసుకుని, పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే తిరిగినట్టు ముఖం నా వైపు తిప్పింది.