ఆది చొక్కా

ఆ బడిలో ఇప్పుడు పాఠాల్లేవు. కాల్పులకు భయపడి ఇళ్ళొదిలి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళకు బట్టలు కుట్టిపెట్టే ఆడవాళ్ళకు పెద్దదిక్కు కుట్టుపిన్ని. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. తిట్లైనా జోకులైనా ఆ సూదుల సందులోంచే. "కొలతకు ఆది బట్ట లేకుండా వచ్చావు. నీ కొలతలు నేనేమన్నా కలగన్నానా?" అని కసురుతుంది. కట్టుబట్టలతో పరిగెత్తినవాళ్ళు ఆది ఎక్కణ్ణించి తెస్తారని మళ్ళీ తనే నాలిక్కరుచుకుని, లేచి కొలుస్తుంది.

ఆవేళ ఒకావిడ మాత్రం ఆది తెచ్చింది. అప్పుడెప్పుడో తుపాకులవాళ్ళు పట్టుకెళ్ళిన కొడుకు చొక్కా. "సరిగ్గా దీని కొలతకే కుట్టు పిన్నీ," అంది. పిన్ని నోట్లోంచి సూదులు తీసేసింది. చొక్కా తిరగేసి చూసి, "ఎదిగే పిల్లాడు కదమ్మా, ఈ కొలతకు కుడితే చంకల్లో పట్టేస్తుంది. భుజాలు కాస్త వదులు పెడతాలే," అంది.

ఆ తల్లి ముఖం విచ్చుకుంది. "మీ ఆయన్నీ వాళ్ళే తీసుకెళ్ళారటగా. ఆయనకూ కుట్టావా?"

"కొత్తదెందుకూ? పాతదాన్నే ఏటా కాస్త లోపలికి కుడుతున్నా," అంది పిన్ని, దారం పంటితో తెంపుతూ. "అక్కడ తిండేం పెడతారు?"