మడమ కింది మెత్త

మా డుంగీ మీదకి ఎవరూ చెప్పులతో ఎక్కరు. ఇంజిన్ బిగించిన చెక్క పడవే కావచ్చు, మాకది గంగమ్మ. చేపలు కొనే వ్యాపారులైనా, తనిఖీకి వచ్చే ఆఫీసర్లైనా చెప్పులు జెట్టీ మీద విడవాల్సిందే. ఈ విషయంలో మా నాన్న కంటే నేనే ఎక్కువ మొండి.

అరవై దాటాక ఒక ఉదయం పడవ దిగుతుంటే కుడి మడమ కింద గులకరాయి నొక్కినట్టు అనిపించింది. కాలు తిప్పి చూసుకుంటే ఏమీ లేదు. పగడపు ముక్కేదో దిగి ఉంటుందని మా ఆవిడ పిన్నీసుతో గుచ్చి గుచ్చి వెతికింది. నా అరుపులకు డాలీగంజ్‌లో మా వీధి వీధంతా బయటికొచ్చింది. ముల్లూ దొరకలేదు, ముక్కా దొరకలేదు. కొన్నాళ్ళకు రెండో మడమా అందుకుంది.

హాడో ఆసుపత్రిలో కుర్ర డాక్టరు బొటనవేలితో మడమ నొక్కి చూసి నవ్వాడు. "కాంటా గీంటా ఏం లేదు అంకుల్. ఉమర్ కీ బాత్ హై" అన్నాడు. ముల్లూ గిల్లూ కాదు, అంతా వయసేనట. మడమ ఎముక కింద కొవ్వుతో చేసిన మెత్త లాంటిది ఉంటుందట. వయసు మీద పడేకొద్దీ అది పలచబడి బిరుసెక్కుతుందట. పైన తోలు ఎంత మందంగా ఉన్నా లోపలి మెత్త తిరిగి రాదట. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు. పొట్టలో కావలసినంత పెరుగుతున్న కొవ్వు మడమలో తరగడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

చెప్పులు రోడ్డు వరకే వేసుకున్నాను. పడవెక్కితే ఇంజిన్ వణుకంతా నేరుగా ఎముకకు తగిలేది. కుంటుతూ ఇల్లు చేరేవాణ్ణి. ఇక చుక్కాని వదిలెయ్యాలేమోనన్న భయం పట్టుకుంది. పైకి అనలేదు గానీ మా ఆవిడ కనిపెట్టేసింది.

"పడవ మీదకి సెప్పులెక్కకూడదన్నారు గానీ, పరుపెక్కకూడదని ఎవులన్నారు?" అంటూ పాత పరుపులోంచి ఒక ముక్క కోసి, టార్పాలిన్ తొడిగి కుట్టి, దానికీ పసుపూ కుంకుమా పెట్టి ఇచ్చింది.

మర్నాడు చుక్కాని దగ్గర దాన్ని వేసుకుని నిలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది. రాతిదిబ్బలు దగ్గరపడ్డాక గానీ తెలియలేదు, కాళ్ళకు పడవ అందడం లేదని. ఇంజిన్ ఎప్పుడు బరువెక్కుతోందో, లోతు ఎక్కడ తగ్గుతోందో నాకు చెప్పేవి ఎప్పుడూ అరికాళ్ళే. పరుపు ముక్కను పక్కకు నెట్టి నిలబడ్డాను. ఈసారి నొప్పి ఒక్కటే తెలిసింది.

ముందువైపు వల సర్దుతున్న తమ్ముణ్ణి పిలిచాను. ఇన్నేళ్ళలో దిబ్బల దగ్గర నేను చుక్కాని ఎవరికీ ఇవ్వలేదు.

"ఇలా రారా. నువ్వు పట్టు."

"ఏటైనాది అన్నా?"

"కాళ్ళకి తెలట్లేదురా."

వాడు వల వదిలేశాడు. వచ్చి, నేను నిలబడిన చోటే ఉత్తికాళ్ళతో నిలబడ్డాడు. నేను పడవ మధ్యలో వాడికి వీపు పెట్టి కూర్చున్నాను. దుఃఖం ముంచుకొచ్చింది.

"ఇంజిన్ ఠీక్ ఉందన్నా" అన్నాడు కాసేపటికి. ఇంకాసేపటికి, "ఇక్కడ లోతే." అడక్కుండానే దిబ్బలు దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. వినడానికి సిగ్గేసింది. కానీ వాడు ఆపితే బాగుండునని ఒక్కసారీ అనిపించలేదు.