ఖాదర్ సార్ చూపిన నడక

బడులు తెరిచే ముందు తొలకరి పడితే తర్లుపాడు చుట్టూ పలకరాళ్ల కుప్పల్లోంచి తడి వాసన లేస్తుంది. ఈ ఉదయం ఆ వాసనకు ఖాదర్ సార్ గుర్తొచ్చారు. నేను కొత్తగా టీచరుగా చేరిన బడికి ఆయన హెడ్మాస్టరు. మార్కాపురంలో పాత నిఘంటువులు ముందేసుకుని, ఎవరూ నేర్పకుండానే లాటిన్ నేర్చుకున్న మనిషి.

ఆ ఏడు ఆరో తరగతిలో ఇంకొక్క పిల్ల చేరకపోతే మా బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. ఇల్లిల్లూ తిరిగి అడగాలి. నేను ససేమిరా అన్నాను. ఆ ఊరి పొలాలన్నీ ఒకప్పుడు మా తాతవి. భూములు పోయాయి, మేడ పోయింది. ఒకరి గడప ముందు నిలబడి అడగని అలవాటు ఒక్కటే నాకు మిగిలింది.

సార్ కోప్పడలేదు. పలకముక్క మీద 'ఈరే' అని రాశారు.

"పోవడం అనే లాటిన్ మాట బేటీ ఇది. సంస్కృతంలో 'ఏతి' అంటే పోతాడని. రెండూ ఒక్క కడుపున పుట్టినవే. ఉత్తరాయణంలో అయనం ఉంది చూడు, అదీ ఈ ఇంటిదే. సినిమా హాల్లో తలుపు మీద ఎగ్జిట్ అని ఉంటాదే, అది లాటిన్ తట్టు మనవడు."

"నాకెందుకు సార్ ఈ వంశవృక్షం?"

"పొద్దున లేస్తే వంశం మాటెత్తేది నువ్వే గదా!" అని నవ్వారు. "దీనికింకో బిడ్డ ఉంది, 'అంబీరే'. చుట్టూ తిరగడం. రోములో ఎంత పెద్దింటోడైనా పదవి కావాలంటే జనంలో తిరిగి ఓటు అడగాల్సిందే. ఇంగ్లీషోళ్ల యాంబిషన్ ఆ తిరుగుడులోంచే వచ్చింది. వాళ్లకు లేని నామోషీ నీకేంది?"

మర్నాడు ఆయన వెంట నడిచాను. గొర్రెల కాపరి పోలయ్య కూతురు అయిదు పూర్తి చేసి ఇంట్లోనే ఉంది. మమ్మల్ని చూసి పోలయ్య మంచం దిగలేదు.

"ఏంది దొరసానమ్మా, ఇట్లొచ్చినావు? మీ తాత మా గొర్లను బందెలదొడ్లో పెట్టిచ్చినాడు. ఇడిపిచ్చుకోను మా నాయన మీ గడప కాడ పొద్దు గూకేదాకా నిలబడినాడు. ఇప్పుడు నా బిడ్డను తోలకపోను వచ్చినావా?"

సార్ వైపు చూశాను. ఆయన ఒక గొర్రెపిల్లను నిమురుతూ కూర్చున్నారు.

"పెట్టించాడు. అది తప్పే," అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట అది. "మీ నాయన నిలబడినంతసేపు నేనూ నిలబడతానన్నా. పిల్లను మాత్రం బడికి పంపించు."

పోలయ్య మంచం దిగి గొర్రెలు తోలుకుని వెళ్లిపోయాడు. ఎండ నెత్తికెక్కింది. పిల్ల రెండుసార్లు నీళ్లు తెచ్చి ఇచ్చింది. మంచం నీడకు జరిపింది, నేను కూర్చోలేదు. పొద్దు గూకుతుండగా మంద తిరిగొచ్చింది.

పోలయ్య నన్ను కిందికీ పైకీ చూశాడు. "మొండిదానివి. మీ తాతకు తగ్గ మనవరాలివే. రేపు నేనే తోలకొస్తాలే, పో తల్లీ."

బడి నిలిచింది. ఖాదర్ సార్ ఇప్పుడు లేరు. ఏటా జూన్‌లో నేను ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాను. మీరెవరి తాలూకు అని కొత్తవాళ్లు అడిగితే ఇప్పటికీ తలెత్తే చెబుతాను: పోలయ్య ఇంటి ముందు పొద్దు గూకేదాకా నిలబడిన మనిషిని నేను.