లోపలి పొయ్యి మీద పుట్టగొడుగులు

భారతి శ్రీకాకుళంలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తా. సాయంత్రం బస్సులో నిలబడి వచ్చి కోటబొమ్మాళిలో దిగేసరికి ఏడు దాటుతుంది. దిగిన చోటే ధనలక్ష్మి తట్టలో పుట్టగొడుగుల పొట్లాలతో కూర్చుని ఉంటుంది. పెరటి పాకలో, ఉడకబెట్టిన వరిగడ్డి మీద తనే పెంచినవి. ఒక పొట్లం సంచిలో పడిందంటే ఆ పూట వంట ఇరవై నిమిషాల పని.

కుక్కర్లో అన్నం పడేసి, పుట్టగొడుగుల్ని చేత్తోనే పొడుగ్గా చీరుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక వాటిని వేసి మంట పెంచుతుంది. ముందు నీళ్లు వదులుతాయి. అక్కడ భయపడి మంట తగ్గించినవాళ్లకు కూర జావవుతుంది. ఆ నీళ్లు ఇగిరి అంచులు ఎర్రబడ్డాక ఉప్పు వేసి, ఆవపిండి కలిపి దించేయడమే.

కష్టమంతా పొయ్యి దగ్గర. అత్తింట్లో పుట్టగొడుగు నీసు కింద లెక్క. చేపలూ కోడీ వండే చోటే, పెరట్లో కట్టెల పొయ్యి మీద, విడిగా ఉంచిన నల్ల దాకలో వండాలి. వండాక స్నానం చేసి గాని వంటింట్లో కాలు పెట్టకూడదు. సోమవారమైతే ఆ దాక ముట్టనే కూడదు. అత్త సుభద్రమ్మకు ఈ నియమం ఆవిడ అత్త అప్పజెప్పింది. ఇలాంటివి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరు మొయ్యాలో మాత్రం అందరికీ తెలుసు.

రెండేళ్లు భారతి మోసింది. పొగలో వండి, స్నానం చేసి, కంచం ముందు కూర్చునేసరికి తొమ్మిదిన్నర. తెల్లారి నాలుగున్నరకు మళ్లీ లేవాలి. అవి తినడం మానేస్తే పోయె కదా అని అత్త అంది. కానీ ఆ వేళప్పుడు వంకాయలు తరుగుతూ కూర్చునే ఓపిక భారతికి లేదు. పైగా ఆమెకవి ఇష్టం. ఆ రెండో కారణం ఒక్కటీ చాలు. ఇంత అవస్థ పడే బదులు ఉద్యోగమే మానెయ్యమని భర్త గిరిబాబు ఒక ఆదివారం సలహా ఇచ్చాడు. పొయ్యి మార్చడం కంటే ఉద్యోగం వదలడం తేలికని అతనికెలా తోచిందో ఆమె అడగలేదు. తేల్చుకుంది, అంతే.

మర్నాడు సోమవారం. భారతి పొట్లం తెచ్చి వంటింట్లో గ్యాసు పొయ్యి మీద మూకుడు పెట్టింది. సుభద్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సోమారం పూట లోపల నీసేటే? పెరట్లో పొయ్యి ఏటయింది?"

"గడ్డి మీద మొలిసింది నీసెలాగవుతాది అత్తా? ఆ గడ్డే మన ఆవు తింతాది. దాని పాలు నువ్వు దేవుడి ముందు పెడతన్నావు."

సుభద్రమ్మ కాసేపు ఆవు సంగతి ఆలోచించింది. తర్వాత అసలు మాట బయటపెట్టింది.

"నవిల్తే యేటమాంసంలాగుంటాది. అంత రుసున్నది నీసు కాక ఏటి?"

రుచిగా ఉండటమే దాని నేరమని భారతికి అప్పుడు అర్థమైంది. ఆ ఇంటి పప్పుచారు ఇన్నేళ్లూ ఎందుకంత పవిత్రంగా ఉందో కూడా అర్థమైంది.

"అలాగైతే నా సేతి వంటంతా నీసే. లోపలే వండుతాను," అని మంట పెంచింది.

సుభద్రమ్మ తన బియ్యం గిన్నె, చారు గిన్నె తీసుకుని పెరట్లోకి నడిచింది. కట్టెల పొయ్యిని పేడతో అలికి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తన వంట అక్కడ మొదలుపెట్టింది. ఎనిమిదింటికి వచ్చిన గిరిబాబు, అమ్మను బతిమాలి లోపలికి తీసుకురమ్మని భారతికి చెప్పాడు. గ్యాసు మీద రెండో పొయ్యి ఖాళీగానే ఉందని భారతి ఒక్కసారి వెళ్లి చెప్పి వచ్చింది. రెండోసారి వెళ్లలేదు. అన్నం తిని, తొమ్మిదింటికి పడుకుంది.

ఆరు రోజులు సుభద్రమ్మ పొగలోనే వండుకుంది. ఏడో రోజు ఆదివారం. గిరిబాబు చేపలు తెచ్చి, అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్లబోయాడు. సుభద్రమ్మ పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"ఇది మడి పొయ్యిరా. నీసు ఇక్కడ కూడదు. లోపలికి పట్టుకుపో."

భారతి చేపల సంచి అందుకుంది. పెరట్లో గోడవార బోర్లించి ఉన్న నల్ల దాకను కూడా తెచ్చి, తోమి, గ్యాసు పొయ్యి మీద పెట్టింది.